మిగిలిన రెండక్షరాలు

మొదట నాకే తెలుస్తుంది.
రేడియోకన్నా ముందు,
మంగలి ఫుల్హెన్సియోకన్నా ముందు.
క్లబ్బు కుర్రాడు సైకిలు దిగి
గోనెసంచిలోంచి చొక్కా తీస్తాడు:
"బెల్కీస్ అమ్మా, ఇది విప్పి అది కుట్టాలట. ఏడింటికల్లా."
అంతే.
ఒక మనిషి జట్టులోంచి ఊడిపోయాడు.

కింద కొట్టు మెట్ల మీద మాత్రం
ఇంకా ఏదీ తేలనట్టే
నాలుగో బ్యాటరు ఎవరన్న దాని మీద తగువు.

"మొంతేరోనే దిగాలి," అంటాడు ఫుల్హెన్సియో
సగం గీసిన గడ్డాన్ని కుర్చీలో వదిలేసి వచ్చి.
"పదకొండు సీజన్లు ఈ పీతల జట్టు కోసం
మోకాళ్ళు అరగదీసుకున్నాడు.
ఏరు దాటాక తెప్ప తగలేస్తారా?"

"తెప్పకి చిల్లు పడింది కదయ్యా,"
లెక్కల టీచరు ఎర్సిలియా నోటుబుక్కు తెరుస్తుంది.
అందులో ప్రతి బంతికీ ఓ చుక్క.
"మొన్న గోడకి తగిలేలా కొట్టాడా? కొట్టాడు.
ఇంకెవరైనా అయితే రెండో బేసులో నిలబడి ప్యాంటు దులుపుకునేవాడు.
ఈ పెద్దమనిషి మొదటి బేసు దగ్గరే ఆగి
కోచ్‌ని పిల్లలెలా ఉన్నారని అడిగాడు."

నవ్వులు. ఐసుపెట్టెలో సీసాల చప్పుడు.

"మరి మీ మొరేతా? పంతొమ్మిదేళ్ళ వెధవ!
వంకర బంతి వేస్తే ఈగని తోలినట్టు తోలతాడు."
"తోలనీ. పరిగెత్తుతాడు."
"బంతి తగలకుండా ఎక్కడికి పరిగెత్తుతాడు, ఇంటికా?"

మోటారుసైకిలు చాగో రాజీ చెప్పబోయాడు:
ఎడమచేతి పిచరు వచ్చిన రోజు పెద్దాయన,
మిగతా రోజులు కుర్రాడు.
ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు.
మా ఊళ్ళో మధ్యవర్తికే ముందు దెబ్బ.

పైన కిటికీ దగ్గర నేను
సగం బ్లేడుతో పోగు పోగూ కోస్తున్నాను.
అక్షరం లేచిపోయిన చోట నీలం ఇంకా ముదురుగా ఉంది
ఉంగరం తీసిన వేలి మీది మచ్చలా.

మొంతేరో మొదటిసారి వచ్చినప్పుడు
ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు,
సముద్రపు గాలికి ఎగిరిపోయేట్టు ఉండేవాడు.
"అమ్మా, పేరు కాస్త పైకి కుట్టు,
మా అమ్మ చివరి వరసలో కూచుంటుంది," అన్నాడు.
అతని కోసం ఆ రోజు ఎవరి పేరు విప్పానో
విప్పింది నేనే,
నాకే గుర్తు రావడం లేదు.

ఎం. ఓ. ఎన్. టి. ఇ. ఆర్. మళ్ళీ ఓ.
క్లబ్బు పిసినారిది, కొత్త గుడ్డ ఇవ్వదు.
పాత పేరులోంచే కొత్త పేరు పుట్టాలి,
నడుము దగ్గర నాలుగంగుళాలు లోపలికి మడవాలి.
ఎం తీశాను. ఓ, ఆర్, ఇ, టి.
మొరేతాకి ఒక్క ఏ తక్కువ.
మెషీను తుడిచే పాత గుడ్డ తిరగేస్తే
దాని మీద దొరికింది,
నూనె మరకతో, ఎవరిదో.

"బెల్కీస్! నువ్వు చెప్పు, నాలుగోవాడెవరు?"
చాగో కింది నుంచి కేకేశాడు.
నోటి నిండా గుండుసూదులు.
తల ఊపాను.
ఎటు ఊపానో గానీ
ఫుల్హెన్సియో, ఎర్సిలియా ఇద్దరూ ఒకేసారి
"చూశావా!" అన్నారు.

బల్ల మీద రెండు మిగిలాయి.
ఎన్. ఓ.
నేను పేర్చలేదు, అలాగే పడ్డాయి పక్కపక్కన.
మా భాషలో అది నిండు మాట:
కాదు అన్నా అదే, లేదు అన్నా అదే,
వద్దు అని బతిమాలినా అదే.

ఏడింటికి కుర్రాడు సైకిలు గంట కొట్టాడు.
చొక్కా మడిచి ఇచ్చాను.
"పేరు కాస్త పైకి కుట్టానని చెప్పు," అన్నాను.
వాడికి అర్థం కాలేదు.

కింద ఇప్పుడు ఐదో బ్యాటరు గురించి మొదలైంది.
కుర్చీలో సగం గడ్డం మనిషి
తనే లేచి కత్తి వెతుక్కుంటున్నాడు.

ఆ రెండక్షరాల్నీ గుండీల డబ్బాలో వేసి
మూత పెట్టాను.
సీజను ఇంకా సగం ఉంది.